వెనక్కొస్తున్న బస్సుకు నేను చెప్పిన మాట

బరంపురం టౌన్ బస్సుల కంట్రోల్ రూములో కొత్తగా చేరిన పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని అడిగారు. అడగడానికి వచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ అనుభవం మాకు మార్గదర్శకం సార్" అంది. ఆ మాట వినగానే రాయకూడదనిపించింది. దారి చూపించడానికి మీ గదిలో గోడంత తెర ఉంది, నేనెందుకు? ఇంటికొచ్చి ఆలోచిస్తే, నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పని సంగతి ఒకటి ఉందని తోచింది. ఒక డ్రైవరు ఉద్యోగం నా నోటి మాట వల్ల పోబోయింది. దాన్ని నిలబెట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా తొమ్మిది రోజులు నోరు మూసుకు కూచున్నాను. చెప్పుకోడానికి సరదా సంగతేమీ కాదు. కానీ మీరు కూచునే కుర్చీలోనే కూచుని చేసిన పని కాబట్టి మీకు తెలియాలి.

ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. వాటివల్ల ఏ స్టాపులోనూ ఎవరికీ బస్సు తొందరగా రాలేదు.

రేకుల షెడ్డు రోజులు

నేను చేరినప్పుడు కంట్రోల్ రూము అంటే పాత బస్టాండులో ఒక రేకుల షెడ్డు. అందులో ఒక బల్ల, ఒక గోడగడియారం, ఒక విజిలు, నేను. టైమ్ కీపరు అనేవారు. బస్సు వచ్చిన టైము, వెళ్లిన టైము పుస్తకంలో రాసుకోవాలి. గేటు దాటిన బస్సు ఆ తర్వాత ఎక్కడుందో ఆ కండక్టరుకి తెలియాలి, పైన దేవుడికి తెలియాలి. నాకు మాత్రం అది తిరిగొచ్చేదాకా తెలిసేది కాదు.

అవి పొట్టి బస్సులు. పెద్ద బజారు వైపు వీధుల్లో అంతకంటే పొడుగైనవి తిరగలేవు. ఇటు పట్టుచీరల కొట్లు, అటు కూరల బళ్లు, మధ్యలో రిక్షాలు, రోడ్డు తనదే అన్నట్టు పడుకున్న ఆవు. ఇరుకు మరీ ఎక్కువైతే కండక్టరు దిగి బస్సుకు ముందు నడిచేవాడు. నడిచేవాడు బస్సుకంటే ముందు చేరిన రోజులు చాలా ఉన్నాయి.

కండక్టరు డ్రైవరుతో మాట్లాడేది అరచేత్తో. బస్సు రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. వెనక్కి తీసేటప్పుడు కిందకి దిగి, రేకు మీద నెమ్మదిగా తడుతూ నడుస్తాడు. తడుతున్నంతసేపూ రావచ్చు. గట్టిగా ఒక్కటి కొట్టాడంటే అక్కడికి ఆపేయాలి. ఇది ఎవరూ ఎవరికీ క్లాసు పెట్టి నేర్పలేదు. ఒడియా డ్రైవరుకీ తెలుగు కండక్టరుకీ, తెలుగు డ్రైవరుకీ ఒడియా కండక్టరుకీ ఒకేలా పనిచేసేది. దాని విలువ నాకు అప్పుడు తెలిసిందని అబద్ధం చెప్పను. చెవులకి చిరాకుగా ఉండేది, అంతే.

మా మొదటి బాసు పట్నాయక్ బాబు. ట్రాఫిక్ సూపర్వైజరు. ఎప్పుడూ పాన్, ఎప్పుడూ కోపం, అయినా మనసులో ఏదీ దాచుకునేవాడు కాదు. ఒక కూడలి దగ్గర రోజూ సాయంత్రం బస్సులు ఇరుక్కుంటున్నాయని, రోడ్డు వెడల్పు చేస్తే తప్ప లాభం లేదని నేను రెండు పేజీల నోటు రాసిచ్చాను. ఆయన చదవలేదు. నన్ను స్కూటరు వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్లి ఆ కూడలిలో గంటసేపు నిలబెట్టాడు. "రోడ్డు చూడకు. బస్సు ఆగినప్పుడు దాని వెనక ఏమాగుతున్నాయో చూడు" అన్నాడు. చూశాను. స్టాపు సరిగ్గా కూడలికి ముందు ఉంది. బస్సు ఆగి జనాన్ని ఎక్కించుకునేలోగా దాని వెనకవన్నీ ఆగిపోతున్నాయి. అడ్డంగా పోవాల్సినవాళ్లు కూడా కదలలేకపోతున్నారు. మరుసటి రోజు ఆ స్టాపు గుంజ పీకించి కూడలి దాటాక నలభై అడుగుల అవతల పాతించాడు. నెల్లాళ్లు జనం ఆ నలభై అడుగులూ నడుస్తూ మమ్మల్ని తిట్టారు. ఇరుకు పూర్తిగా పోలేదు గాని, కూడలికి ఊపిరాడింది.

ఈ కథ మీకు ఎందుకంటే, ఇరుకు ఎక్కడున్నా జనం ఎక్కువయ్యారు, పెద్ద యంత్రం తెద్దాం అనే ఎవరన్నా మొదట అంటారు. చాలాసార్లు గుంజ జరపాల్సి ఉంటుంది. యంత్రం తర్వాత.

సాలు, చాలు

మా అమ్మది ఇచ్ఛాపురం అవతల పల్లె. నాన్న రైల్వేలో పనికి బరంపురం వచ్చాడు. మా ఇంట్లో అన్నం వడ్డిస్తే "సాలు" అనేవాళ్లం. "చాలు" అనేది బడి పుస్తకంలో మాట. ఆ పుస్తకం మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో చెబుతాను. దీనికి తర్వాత పెద్ద పని ఉంది.

చేరిన మొదటి ఏడాది ఒకరోజు షెడ్డు పక్కన ఒక బస్సును వెనక్కి పెట్టిస్తున్నాను. కండక్టరు టీకి వెళ్లాడు, నేనే దిగాను. గోడ దగ్గరికి రాగానే "సాలు! సాలు!" అని అరిచాను. డ్రైవరు అస్కా వైపు ఒడియావాడు, కొత్తగా వచ్చాడు. బస్సు ఆపి, దిగి, నేరుగా వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "శళా అని ఎవర్ని అంటున్నావ్?" అన్నాడు. ఒడియాలో శళా అంటే బావమరిది, వీధిలో అంటే తిట్టు. నేను తిట్టలేదు మొర్రో అంటే వినడు. చుట్టూ ఉన్న తెలుగు కండక్టర్లు కడుపు పట్టుకు నవ్వుతున్నారు తప్ప ఒక్కడూ విడిపించడు. చివరికి పట్నాయక్ బాబు వచ్చి విడిపించి, సంగతి విని, తనూ నవ్వి, "మీ బళ్లో నేర్పిన మాట అనకూడదా? ఆ చా ఉన్న మాట?" అన్నాడు. ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

ఆ రోజునుంచి నేను "చాలు" అనడం మొదలుపెట్టాను. ముందు జాగ్రత్త కోసం మొదలైంది, తర్వాత గొప్ప కోసం సాగింది. కండక్టర్లు "సాలు" అంటే దిద్దేవాణ్ణి. "ఎల్లు" కాదు "వెళ్లు", "సూడు" కాదు "చూడు" అనేవాణ్ణి. వాళ్లు నా వెనక నన్ను మాస్టారు అని పిలిచేవారు. అప్పన్న అనే కండక్టరు మాత్రం మొహం మీదే అనేవాడు, "బాబు చాలు అంటే వడ్డన ఆగిపోద్ది గాని, మా అమ్మ సాలు అంటేనే కడుపు నిండుద్ది" అని. నేను మూతి ముడుచుకునేవాణ్ణి.

తెర మీద చుక్కలు

ఊరు పెరిగింది. ఆటోలు వచ్చాయి, ఇంటికి రెండేసి మోటారు సైకిళ్లు వచ్చాయి. రోడ్లు మాత్రం ఎక్కడివక్కడే. జనాన్ని బస్సుల్లోకి రప్పించాలంటే పెద్ద బస్సులు కావాలని పెద్ద బస్సులు తెచ్చారు. అవి పాత ఊళ్లో మలుపు దగ్గర ఆగి, వెనక్కి తీసి, మళ్లీ తిప్పుకునేసరికి వెనక ట్రాఫిక్ మైలుదూరం నిలిచేది. కొన్నాళ్లకి వాటిని వెడల్పు రోడ్లకి మార్చి, లోపలికి పొట్టివి తెచ్చారు. అంటే తిరిగి తిరిగి పట్నాయక్ బాబు కాలానికే వచ్చాం, ఈసారి ఏసీతో.

తర్వాత ప్రతి బస్సుకీ జీపీఎస్ పెట్టారు. రేకుల షెడ్డు పోయి ఈ గది వచ్చింది. మొదటి రోజు తెర మీద ఊళ్లో బస్సులన్నీ చుక్కలుగా కదులుతుంటే చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వకండి. ఇరవై ఏళ్లు గేటు దాటిన బస్సు కోసం గడియారం చూస్తూ కూచున్నవాడికి అది ఎంత సంతోషమో మీకు తెలియదు.

సంతోషంలో మొదటి తప్పు చేశాను. అంకులి రూట్లో మూడు బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చేవి, తర్వాత నలభై నిమిషాలు ఏమీ ఉండేది కాదు. నేను ముందున్న బస్సు డ్రైవరుకి ఫోన్ చేసి తొందరపెట్టేవాణ్ణి. ఆ తొందరలో వాడు స్టాపుల్లో ఆగకుండా పోయేవాడు. నిజానికి జరిగేది ఇది: ముందు బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకి జనం మిగలరు, ఖాళీగా వచ్చి దాన్ని అందుకుంటుంది. తొందరపెట్టాల్సింది ముందుదాన్ని కాదు, ఆపాల్సింది వెనకదాన్ని. రెండు మూడు నిమిషాలు ఆపితే మధ్యలో ఎడం వస్తుంది. అందులో కూచున్నవాళ్లు తిడతారు, తిట్టనివ్వండి. ఈ చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో స్టాపుల్లో చెయ్యెత్తి నిలబడి బస్సు ఆగక ఉండిపోయినవాళ్లకి నేను బాకీ.

ఫోన్లో యాప్ గురించి కూడా ఒక మాట. అది నాలుగు నిమిషాలు అని చూపిస్తుంది. జనం దాన్ని నమ్మి ఇంట్లోంచి బయల్దేరతారు. రైలు గేటు పడి ఉంటే ఆ నాలుగు పావుగంట సేపు నాలుగులాగే ఉంటుంది. అప్పుడు స్టాపులో చెట్టు కింద చంటిపిల్లతో నిలబడ్డామెకి అబద్ధం చెబుతున్నది యంత్రం కాదు, మీరే. మీకు గేటు పడిందని తెలుసు కాబట్టి. తెలిసినప్పుడు చెప్పండి.

నేను రాసిన సిఫారసు

ఆఖర్న కరెంటు బస్సులు వచ్చాయి. చప్పుడు లేదు, పొగ లేదు. వెనక కెమెరా, ముందు కెమెరా, డ్రైవరు పక్కన మా గదితో మాట్లాడే స్పీకరు. డ్రైవర్లను కాంట్రాక్టు మీద తీసుకున్నారు, దూర జిల్లాల నుంచి వచ్చారు. అంతకుముందు మా డ్రైవర్లందరికీ రెండు భాషలూ వచ్చు. ఒడియా ఇంట్లో పుట్టినవాడు కూడా తెలుగులో బేరమాడగలడు, తిట్టగలడు. కొత్తవాళ్లకి ఒడియా ఒక్కటే. ఈ తేడా మా కాగితాల్లో ఎక్కడా లేదు, నా బుర్రలోనూ లేదు.

వాళ్లలో సుదాం ఒకడు. బలంగీర్ వైపువాడు, ముప్ఫై దాటి ఉంటాయి. పెళ్లాన్నీ చిన్నపాపనీ తెచ్చుకుని అంకులిలో గది అద్దెకి తీసుకున్నాడు. మలుపులో హారన్ కొట్టడానికి కూడా సిగ్గుపడే మనిషి. కండక్టరుగా అతని బస్సుకి అప్పన్నని వేశారు. అప్పన్నకి అప్పటికి తల నెరిసింది, నోరు నెరవలేదు.

ఆ రోజుల్లో ట్రిప్పుకి రెండు మూడు నిమిషాలు ఎక్కడ మిగులుతాయా అని వెతుకుతున్నాం. నేనొక సిఫారసు రాశాను: కెమెరా ఉంది కాబట్టి బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు దిగనక్కర్లేదు, అవసరమైతే కంట్రోల్ రూము చూసి చెబుతుంది. మెచ్చుకున్నారు. అమలు చేశారు. అప్పన్న మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బాబూ, దిగి ఓ సెయ్యేస్తే ఏటి పోద్ది? కెమెరా మెడ తిప్పి సూడనేదు కదా."

"నువ్వు దిగి ఎక్కేసరికి రెండు నిమిషాలు పోతున్నాయి అప్పన్నా."

"ఆ రెండు నిమిషాలు మిగిల్చి ఎవలికి ఇస్తారు బాబూ?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే చేశాను, పనుంది వెళ్లమన్నాను.

జాతర రోజు మధ్యాహ్నం

రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతర మీకు తెలుసు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. వేషాలు, డప్పులు, మొక్కుబడులు. మనం రూట్లు మారుస్తాం, పోలీసులు మనం మార్చినవాటిని మళ్లీ మారుస్తారు. ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి సుదాం బస్సును పోలీసులు ఒక నేతగాళ్ల వీధిలోకి తిప్పారు. వీధి చివర పందిరి వేసి ఉంది, ముందుకు దారి లేదు. మళ్లీ వీధి మొగదాకా వెనక్కే రావాలి. బస్సు నిండా జనం. అప్పన్న మధ్యలో ఇరుక్కుని ఉన్నాడు. రూలు ప్రకారం దిగలేదు. రూలు నాదే.

మైకు నేనే తీసుకున్నాను. వెనక కెమెరా బొమ్మ తెర మీద పెద్దది చేసి, ఒడియాలో "ఆస, ఆస" అంటూ రమ్మన్నాను. సుదాం నెమ్మదిగా వస్తున్నాడు. ఆ బొమ్మ రెండు క్షణాలు ఆలస్యంగా వస్తుందని నాకు తెలుసు, అయినా తెరనే నమ్మాను. కుడివైపు ఒక అరుగు, దాని మూలన రాతి స్తంభం కనిపించాయి. ఇంకా జాగా ఉందనుకున్నాను. అప్పుడు స్తంభం పక్కన రాట్నం ముందు కూచున్న మనిషి కనిపించింది.

"చాలు! చాలు! చాలు!" అని అరిచాను.

ఒడియాలో చెప్పాల్సిన మాట తెలుగులో వచ్చింది. కంగారులో మనిషి తన భాషలోకి పోతాడు. బస్సు ఆగలేదు. ఇంకా జోరుగా వచ్చింది. తెర మీద బొమ్మ ఒక్కసారి అదిరి నిలిచిపోయింది.

స్తంభం విరిగి గౌరమ్మ అనే ఆవిడ కాలి మీద పడింది. పట్టు నూలు కండెలు చుట్టుకుని బతికే మనిషి. సుదాం దూకి, తన చేతులతో రాయి ఎత్తి, ఆవిణ్ణి ఎత్తుకుని ఆటోలో మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మోకాలి కింద ఎముక విరిగింది.

సాయంత్రం నన్ను రిపోర్టు అడిగారు. "ఆపమని మూడుసార్లు చెప్పాను. డ్రైవరు పాటించలేదు" అని రాసి సంతకం పెట్టాను. రాసినప్పుడు అది అబద్ధం కాదు, నేను నమ్మినదే రాశాను. కెమెరాలో బొమ్మ రికార్డవుతుంది గాని మాట కాదు. కాబట్టి నా కాగితమే సాక్ష్యం. సుదాంని పిలిచి అడిగితే, "వినడంలో పొరపాటు పడ్డాను" అన్నాడట, అంతే. మరునాటి నుంచి డ్యూటీ ఇవ్వలేదు. విచారణ అయ్యాక కాంట్రాక్టు రద్దు చేస్తారని అందరికీ తెలుసు.

గౌరమ్మ చెప్పింది

రెండో రోజు ఆఫీసు తరఫున పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. గౌరమ్మకి అరవై ఉంటాయి. కాలికి కట్టు, నోటికి కట్టు లేదు. నేను బస్సు ఆఫీసువాణ్ణని మాత్రమే చెప్పాను.

"డైవర్ని ఏటీ అనకండి బాబూ," అంది. "నాను ఆ పక్కనే ఉన్నాను కదా, అంతా ఇన్నాను. ఆడి పక్కన రేడియోలోంచి ఎవలో ‘ఆస, ఆస’ అంటన్నారు. ఆడు మెల్లగానే వస్తన్నాడు. మరింక ‘చాలు, చాలు’ అని అరిసినారు. సాలన్నాడు గదా, ఆపీస్తాడులే అనుకుని నాను నెగనేదు, అక్కడే కూకున్నాను. ఆడు మరీ జోరుగా వచ్చీసినాడు."

"ఎందుకు వచ్చాడు మరి?" అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఆడు ఒడియావోడు గదా బాబూ. తెలుగు రాదు. ఒడియాలో చాలో అంటే పద అని. ఈ రేడియో మడిసి చాలు అంటే, ఆడు పదమంటన్నారు గావాల అనుకున్నాడు. మనలాగ సాలు అని ఉంటే ఆపేసీవోడు పాపం. సదువుకున్నోడు గావాల, ఆ మడిసి."

పళ్ల సంచి నా చేతిలోనే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా రెండు భాషల మధ్యా తిరిగినవాణ్ణి. చాలో అన్న మాట రోజుకు వందసార్లు అన్నవాణ్ణి. ఎప్పుడో కొడల ఊరి డ్రైవరొకడు, "మీరు చాలు అంటే ఆగాలో పోవాలో మీ మొహం చూస్తే గాని తెలీదు ఆగ్యా" అని వేళాకోళం చేసింది అప్పుడు గుర్తొచ్చింది. ఒడియాలో ఆగ్యా అంటే అయ్యా అని. ఆ రోజుల్లో నా మొహం కనిపించేది. స్పీకరులో మొహం ఉండదు.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూచున్నాను. నేరుగా ఆఫీసుకి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు.

ఎందుకో దాచకుండా రాస్తాను. రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది, ఆ భయం కొంత. కానీ అసలుది అది కాదు. అందరి భాషా దిద్దిన మాస్టారు, ఆ దిద్దిన మాటతోనే ఒక ముసలావిడ కాలు విరగ్గొట్టాడని కండక్టర్లంతా టీకొట్టు దగ్గర నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడ్డాను. ఒక మనిషి తిండి పోతుంటే నేను భయపడింది నవ్వుకి.

రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. విచారణలో ఎవరో అడుగుతారులే, అప్పుడు చెబుతాను అనుకున్నాను. ఎవరూ అడగలేదు. తప్పు ఒప్పుకున్న డ్రైవరు, సంతకం పెట్టిన సీనియరు ఉన్నాక ఎవరడుగుతారు?

ఆసుపత్రికి వెళ్లొచ్చిన తొమ్మిదో రోజు పొద్దున ఇంకో బస్సు గిరి రోడ్డు పక్క సందులో ఇరుక్కుంది. మైకు తీశాను. డ్రైవరు "ఆగ్యా? ఆగ్యా?" అంటున్నాడు. నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఏ భాషలోనూ రాలేదు. చివరికి కండక్టర్ని దిగమని చెప్పి మైకు పెట్టేసి, పై అంతస్తులో ఆఫీసరు గదికి వెళ్లాను.

రెండో రిపోర్టు

ఆఫీసరు ఒడియావాడు, వయసులో నాకంటే చిన్న. నేను చెప్పింది విని ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీరు నాలుగు నెలల్లో వెళ్లిపోతున్నారు. అతను తప్పు ఒప్పుకున్నాడు. ఆర్డరు మధ్యాహ్నం సంతకానికి వస్తుంది. ఇప్పుడెందుకిది?" అన్నాడు.

"మధ్యాహ్నం సంతకానికి వస్తుంది కాబట్టే" అన్నాను.

కాగితం ఇచ్చాడు. ఏ మాట అన్నానో, అది ఒడియాలో ఎలా వినిపిస్తుందో, కండక్టర్ని దిగొద్దన్న రూలు ఎవరు రాశారో, ఏ రోజున నాకు ఈ సంగతి తెలిసిందో అన్నీ రాశాను. ఆ ఆఖరి ముక్క దగ్గర ఆఫీసరు తలెత్తి నన్ను చూశాడు. సుదాంని డ్యూటీలోకి తీసుకోమన్నాడు. నాకు మందలింపు కాగితం ఇచ్చి, మిగిలిన నాలుగు నెలలూ మైకు ముట్టుకోవద్దని ఎంక్వయిరీ కౌంటర్లో కూచోబెట్టాడు. అది న్యాయమే.

తర్వాత రూలు మారింది. వెనక్కి తీసేటప్పుడు కండక్టరు దిగాలి, చేత్తో తట్టాలి. కంట్రోల్ రూము నుంచి ఆపమనడానికి "రఖ" అనే ఒక్క ఒడియా మాటే వాడాలి. మీ బల్ల మీద అంటించిన చీటీ అదే. అది నవ్వులాట అనుకుని పీకేయకండి. కొత్త యంత్రం తేవద్దని నేను అనను. ఆ కెమెరా ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఒక పాత పనిని తీసేసేముందు అది చప్పుడు లేకుండా ఇంకేం చేస్తోందో ఒక పూట నిలబడి చూడండి. నేను చూడలేదు.

గౌరమ్మకి కూడా చెప్పాను, ఆ రేడియో మనిషిని నేనేనని. "ఓలమ్మో, నువ్వేటి బాబూ ఆ సదువుకున్నోడివి!" అని బుగ్గలు నొక్కుకుంది. నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత టీ తాగి వెళ్లమంది. ఇప్పుడు కొంచెం కుంటుతుంది. కండెలు చుడుతూనే ఉంది.

అంకులిలో గది

ఆఫీసరు దగ్గర సంతకం పెట్టిన సాయంత్రమే అంకులి వెళ్లాను. ఆఫీసువాళ్లు చెప్పేలోగా నేనే చెప్పాలనిపించింది. సుదాం గుమ్మంలో కూచుని పాపకి బిస్కట్టు తినిపిస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లోపల గోడ పక్కన రేకుపెట్టె, తాడుతో కట్టి ఉంది. స్టవ్ కూడా గోనెసంచిలోకి వెళ్లిపోయింది.

నిలబడే చెప్పాను. నేనన్నది ఆగమని, నువ్వు విన్నది పదమని, తప్పు నాది, రేపటినుంచి నీకు డ్యూటీ ఉంది. సుదాం భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సుదాం ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు ఆగ్యా" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజు సాయంత్రమే. ఆసుపత్రి దగ్గర అప్పన్న భాయిని అడిగాను, బాబు చాలు చాలు అన్నారు, మీ భాషలో దానికేమర్థం అని. చెప్పాడు."

"మరి విచారణలో చెప్పలేదేం?"

అతను పాప మూతి తుడిచి అన్నాడు. "నేను చెబితే సాకు అవుతుంది ఆగ్యా. మీరు చెబితేనే సాక్ష్యం."

నాకు తల ఎత్తాలనిపించలేదు. పెట్టెవైపు చూస్తూ, ఎప్పుడు బయల్దేరదామనుకున్నారు అని అడిగాను.

"నాలుగు రోజుల కిందటే వెళ్లాలి. అప్పన్న భాయి వచ్చి ఆపాడు. బాబు చెబుతారు, ఇంకొక్క రోజు ఉండు అన్నాడు. మర్నాడూ వచ్చి అదే అన్నాడు. నిన్న కూడా అన్నాడు."

ఆ తొమ్మిది రోజులూ అప్పన్న పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి డ్యూటీ చీటీ తీసుకునేవాడు. నమస్కారం బాబూ అనేవాడు. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగేవాడు. వెళ్లిపోయేవాడు.